గాలి ఆడని ముక్కును మరచిపోవద్దు



షుగరు, బి.పి., గుండె జబ్బుల గురించి రాసే ఈ పేజీలో ఈసారి ముక్కు గురించి రాస్తున్నాం. ముక్కు గురించి రాయడానికి ఏముంటుందని కొందరు అనుకోవచ్చు. కానీ గొంతు క్యాన్సరుకు ఆపరేషన్ జరిగి, స్వరపేటిక మొత్తం తీసివేయగా, మెడలోని రంధ్రం ద్వారా ఊపిరి పీల్చుకుంటూ బ్రతుకుతున్న వారు మన సంఘాలలో ఉన్నారు. వారి మెడ గురించి అందరం శ్రద్ధ తీసుకుంటాం. వారి ముక్కును మాత్రం అందరం మరచిపోయాం. ఆ అందరిలో మేము కూడా ఉన్నామని ఈమధ్య ఒక రివ్యూ రోజున మాకు తెలిసివచ్చింది.

ఆ రోజు వచ్చినవారు రిటైరైన ఒక బడిపంతులు గారు. ఆపరేషన్ అయి ఏడు నెలలైంది. మెడ రంధ్రం చుట్టూ చర్మం ఎక్కడా పుండు పడకుండా శుభ్రంగా ఉంది. ట్యూబు కడగడం, గాజుగుడ్డ మార్చడం అన్నీ ఆయన భార్య నేర్చుకుని చక్కగా చేస్తున్నారు. మేము ఆమెను మెచ్చుకుంటుంటే ఆమె ముఖం మాత్రం విప్పారలేదు. "అన్నీ బాగానే ఉన్నాయి సిస్టరమ్మా, ఆదివారం ఆరాధనకు మాత్రం రానంటున్నారు. పాస్టరు గారు ఇంటికి వచ్చి పిలిచినా తల అడ్డంగా ఊపుతున్నారు" అన్నారు.

"ఏం మాస్టారూ, ఎందుకు?" అని అడిగాం. ఆయన జేబులోని చిన్న నోటుపుస్తకం తీసి రాశారు. "ముక్కు కారుతుంది. కారుతున్నట్టు నాకు తెలియదు. తల వంచి ప్రార్థన చేస్తుంటే బొట్లు పడతాయి. పక్కవాళ్ళు చూస్తారు. బల్ల దగ్గరకు ఎలా వచ్చేది?" కొంచెం ఆగి, కింద మరో మాట రాశారు. "మొదటి మనిషికి దేవుడు ఊపిరి పోసింది ముక్కులోనే కదమ్మా. నాది చచ్చిపోయినట్టేనా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆయనను ఇంటికి పంపిన రోజు మెడ గురించి గంటసేపు నేర్పించాం. ముక్కు గురించి ఒక్క మాట చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం. స్వరపేటిక తీసివేసిన ప్రతి రోగికి, ఇంటికి పంపే ముందే ముక్కు గురించి కూడా నేర్పించాలి అన్నది మా అభిప్రాయం. అది తీరిక ఉంటే చెప్పే అదనపు పాఠమని మేము అనుకోవడం లేదు. ఎందుకో వివరిస్తాం.

తీసింది ఏమిటి, మిగిలింది ఏమిటి

మనం పీల్చే గాలి ముక్కులోనుండి గొంతులోకి, అక్కడినుండి స్వరపేటిక గుండా శ్వాసనాళంలోకి, ఆపైన ఊపిరితిత్తులలోకి వెళుతుంది. స్వరపేటిక అంటే మాట పుట్టే చోటు మాత్రమే అనుకుంటాం. నిజానికి అది ఒక కాపలా తలుపు కూడా. గాలిని శ్వాసనాళంలోకి పోనిచ్చి, అన్నం నీళ్ళు అటు పోకుండా అడ్డుకుంటుంది. క్యాన్సరు ముదిరినప్పుడు ఆ పేటికను మొత్తం తీయవలసి వస్తుంది. క్యాన్సరుకు ఈ ఆపరేషన్‌ను 1873లో వియన్నా నగరంలో థియోడర్ బిల్‌రోత్ అనే సర్జను మొదట చేశారు. అప్పటినుండి దాని పద్ధతి ఎంతో మెరుగుపడింది గాని, మూలసూత్రం అదే.

తలుపు తీసివేసిన తరువాత, శ్వాసనాళం పై కొసను మెడ ముందు భాగానికి తెచ్చి, చర్మానికి కలిపి కుడతారు. అదే స్టోమా అనే రంధ్రం. అది జీవితాంతం ఉంటుంది. ఇక మీదట గాలి దారి మెడనుండి, అన్నం దారి నోటినుండి. రెండు దారులూ పూర్తిగా వేరైపోతాయి. ముక్కు, నోరు, గొంతు వెనుక భాగం, అన్నవాహిక ఇవన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి. ఊపిరితిత్తులతో మాత్రం వాటికి సంబంధం తెగిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సర్జను కత్తి ముక్కు దగ్గరకే వెళ్ళలేదు. ముక్కు లోపలి పొర, దాని రక్తనాళాలు, దాని గ్రంథులు, వాసన తెలిపే నరాలు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఆగిపోయింది ఒక్కటే. ముక్కులోనుండి రాకపోకలు చేసే గాలి.

మొత్తం స్వరపేటిక తీసివేసిన వారి గురించే మేము ఇక్కడ చెబుతున్నాం. ట్రెకియాస్టమీ అని కొన్నాళ్ళకోసం మెడలో ట్యూబు వేసినవారి సంగతి వేరు. వారిలో పై దారి ఇంకా మిగిలి ఉండవచ్చు. ఇంటివారు తమ రోగికి జరిగింది ఏ ఆపరేషనో డాక్టరు గారిని అడిగి, కాగితం మీద రాయించుకుని దగ్గర ఉంచుకోవాలి.

ముక్కు పొర మామూలుగా చేసే పని

ముక్కు అంటే రెండు రంధ్రాలున్న ఖాళీ గొట్టం కాదు. లోపల రెండు పక్కలా మెత్తటి కండల మడతలు ఉంటాయి. వాటినిండా రక్తం పారుతూ ఉంటుంది. వాటిమీద ఎప్పుడూ తడిగా, ఎర్రగా ఉండే పలుచని పొర పరచుకుని ఉంటుంది. ఆ పొర జిగురును ఊరుస్తుంది. ఆ జిగురు కింద, కంటికి కనబడనంత సన్నని నూగు కోట్లకొద్దీ ఉంటుంది. గాలికి వరిచేను ఊగినట్టు ఆ నూగు సెకనుకు సుమారు 10 సార్లు ఒకేవైపుకు కొట్టుకుంటూ, జిగురును నిమిషానికి సుమారు 5 మిల్లీమీటర్ల చొప్పున గొంతువైపు నెడుతుంది. మనకు తెలియకుండానే దానిని మింగేస్తాం. కడుపులోని ఆమ్లం మిగతా పని చూసుకుంటుంది.

పెద్దవారు రోజుకు సుమారు 10,000 లీటర్ల గాలిని పీలుస్తారు. ఆ గాలికి ముక్కు పొర మూడు పనులు చేస్తుంది. చల్లగా ఉంటే వేడి చేస్తుంది. పొడిగా ఉంటే తడి కలుపుతుంది. దుమ్ము, పొగ నుసి, క్రిములు ఉంటే జిగురుకు అంటించి ఆపుతుంది. అందువల్ల ఊపిరితిత్తుల లోపలికి చేరేసరికి గాలి ఒంటి వేడితో, నిండా తడితో ఉంటుంది. ఇక నాలుగోది వాసన. ముక్కు లోపల పైకప్పులో, రెండు కళ్ళ నడుమ ఎత్తున, వాసన తెలిపే చిన్న ప్రదేశం ఉంది. గాలి అక్కడిదాకా వెళ్ళి తగిలితేనే వాసన తెలుస్తుంది.

ఆపరేషన్ తరువాత

ఇప్పుడు మాస్టారు గారి ప్రశ్నకు వద్దాం. ముక్కు చచ్చిపోయిందా? లేదు. పొర బ్రతికే ఉంది. గ్రంథులు జిగురు ఊరుస్తూనే ఉన్నాయి. నూగు కొట్టుకుంటూనే ఉంది. గాలి వస్తుందని ఎదురుచూస్తున్నట్టు, రోజంతా తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

మరి కారడం ఎందుకు? మామూలు మనిషిలో వచ్చేపోయే గాలి ముక్కులోని తడిని కొంత ఆరబెడుతూ ఉంటుంది. ఇక్కడ ఆ గాలి లేదు. కాబట్టి ఊరిన నీరు ఎక్కువైనప్పుడు ముందువైపునుండి జారుతుంది. తేమతో కూడిన చలిగాలి, ఘాటు వాసనలు, కారం భోజనం, జలుబు ఇవన్నీ ఊటను పెంచుతాయి. పైగా జారుతున్నప్పుడు మనలా ఎగబీల్చడం వారికి కుదరదు. గట్టిగా చీదడమూ కుదరదు. చీదడానికి కావలసిన గాలి ఊపిరితిత్తులనుండి రావాలి. ఆ గాలి మెడ దగ్గరే బయటికి పోతుంది. "ముక్కు చీదుకోవచ్చు కదా" అని విసుక్కునే ఇంటివారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. అది అశుభ్రత కాదు, బద్ధకం కాదు. ఆయన చేతిలో లేని పని.

ఆపరేషన్ అయిన కొత్తలో ఇంకొక కారణం కూడా ఉంటుంది. గొంతులోని కుట్లు మానేదాకా నోటితో తిననివ్వకుండా, ముక్కులోనుండి కడుపులోకి రైల్స్ ట్యూబు వేసి పాలు, గంజి పోస్తాం. ఆ ట్యూబు రోజులకొద్దీ ఒక ముక్కుపుటాన్ని రాచుకుంటూ ఉంటుంది. పొర ఒరుసుకుపోయి, ఎర్రబడి, చెక్కులు కడుతుంది, నీరు కారుతుంది. ట్యూబు తీసిన తరువాత పొర తనంతట తాను మానుతుంది. కానీ ఆ రోజులలో నర్సులు ముక్కు అంచును సెలైన్ తడిపిన దూదితో తుడుస్తూ, ప్లాస్టరు పట్టీ ఒకేచోట లాగకుండా చోటు మారుస్తూ ఉండాలి. మెడ డ్రెస్సింగు హడావిడిలో మేము దీనిని వెనక్కి నెట్టిన రోజులు ఉన్నాయి. ఒప్పుకుంటున్నాం.

తుమ్ము సంగతి కూడా చెప్పాలి. ముక్కు పొరకు ఘాటు తగిలితే వారికి కూడా తుమ్ము వస్తుంది. పొర కబురు పంపడం మానలేదుగా! కానీ తుమ్ములోని గాలి మెడనుండి దూకుతుంది. అలవాటుకొద్దీ వారు చేతిని ముక్కు దగ్గరకు తీసుకువెళతారు. కళ్ళె మాత్రం మెడనుండి ఎగిరి ఎదుటివారి మీద పడుతుంది. తుమ్మినా దగ్గినా ముందు మెడకు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. ఆ తరువాత ముక్కు తుడుచుకోవాలి. ఇది చెప్పి చేయిస్తే నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. చెప్పకపోతే నలుగురిలో జరిగిన ఒక్క అవమానం చాలు, మనిషి గడప దాటడం మానేస్తాడు.

ముక్కు చేసే పని శ్వాసనాళం మీద పడితే

ముక్కు లోపలి పొర తడితో, వేడితో సిద్ధంగా ఉన్నా, దాని సేవ అందుకునే గాలి లేదు. మరోవైపు, ఏ సేవా అందని పొడి గాలి, దుమ్ముతో సహా, నేరుగా శ్వాసనాళంలోకి పోతోంది. శ్వాసనాళానికి కూడా జిగురు పొర, నూగు ఉన్నాయి గాని, ఇంత పొడి గాలికి అది అలవాటు పడినది కాదు. అందుకే ఆపరేషన్ తరువాత మొదటి నెలలలో దగ్గు, కళ్ళె బాగా ఎక్కువవుతాయి. చలికాలంలో, ఎ.సి. గదులలో కళ్ళె గట్టిపడి, చెక్కు కట్టి, ఒక్కోసారి రంధ్రానికే అడ్డం పడుతుంది. అది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

ఇందుకు పరిష్కారం ఉంది. ముక్కు చేసే పనిలో కొంతైనా మెడ దగ్గర చేయించాలి. హెచ్.ఎం.ఇ. అనే చిన్న కాసెట్టును రంధ్రం మీద అమర్చుకుంటే, వదిలే ఊపిరిలోని వేడిని, తడిని అది పట్టి ఉంచి, పీల్చే గాలికి తిరిగి ఇస్తుంది. దానిని రోజూ మార్చాలి కనుక ఖర్చు అందరికీ అందేది కాదు. అలాంటివారు రెండు పొరల శుభ్రమైన గాజుగుడ్డను కొద్దిగా తడిపి, బాగా పిండి, మెడకు వదులుగా కట్టుకోవాలి. ఆరిపోగానే మళ్ళీ తడపాలి. దూది, పోగులు ఊడే గుడ్డ వాడకూడదు. ఆ పోగులు లోపలికి పోతాయి. రంధ్రాన్ని మూసేలా బిగించి కట్టకూడదు. మంచినీళ్ళు తగినన్ని తాగాలి. డాక్టరు చెప్పినట్టు సెలైన్ చుక్కలు వాడాలి.

జలుబు చేసినప్పుడు ముక్కుకు ఘాటు బాములు రాసి, "ఊపిరి ఆడుతుందిలే" అని ఊరుకునేవారు ఉన్నారు. ఊపిరి ఆడే దారి అది కాదు. ఆ బామును మెడ రంధ్రం దగ్గర రాయడం ఇంకా ప్రమాదం. ముక్కులో నూనెలు పోయడం, డాక్టరు చెప్పని ముక్కు చుక్కలు నెలలకొద్దీ వేయడం కూడా వద్దు. బ్రతికి ఉన్న పొరను మనమే పాడుచేసినవారం అవుతాం.

వాసన తిరిగి వస్తుందా?

మాకు తెలిసిన మరొక కుటుంబంలో జరిగిన సంగతి ఇది. ఇంటావిడ పొయ్యి మీద పాలు పెట్టి నీళ్ళకు వెళ్ళారు. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వస్తూనే ఉంది. ఆపరేషన్ అయిన ఆ ఇంటాయన అదే గదిలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఆయనకు ఏమీ తెలియలేదు. వీధిలో పోతున్న పక్కింటి అమ్మాయి వాసన పసిగట్టి లోపలికి వచ్చి పొయ్యి కట్టేసింది. దేవుని కృపవల్ల ఏమీ జరగలేదు. వంట గ్యాసుకు సొంత వాసన ఉండదు. లీకైతే తెలియడానికే అందులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపుకొట్టే పదార్థం కలుపుతారు. ఆ హెచ్చరిక ఉన్నదే ముక్కు కోసం. ముక్కులోకి గాలి వెళ్ళని మనిషికి ఆ హెచ్చరిక అందదు.

గ్యాసు ఒక్కటే కాదు. పాచిపోయిన పప్పు, కాలుతున్న వైరు, ఒంటి చెమట వాసన ఏదీ వారికి తెలియదు. తిండి రుచి కూడా సగం పోతుంది. తీపి, ఉప్పు, పులుపు, చేదు నాలుకకు తెలుస్తాయి గాని, నెయ్యి కమ్మదనం, ఇంగువ పోపు, కొత్త ఆవకాయ ఇవన్నీ వాసనతో కలిసిన రుచులు. "ఏం వండినా ముద్ద దిగడం లేదు" అని ఇల్లాలు బాధపడుతుంది. వంటలో లోపం లేదు. ఆకలి తగ్గి, బరువు తగ్గి, క్యాన్సరు తిరగబెట్టిందేమో అని భయపడినవారిని కూడా చూశాం. బరువు తగ్గితే డాక్టరుకు తప్పక చూపించాలి. వాసన సంగతి కూడా ఆయనతో చెప్పాలి.

ఇక్కడే ఒక శుభవార్త. వాసన నరం తెగలేదు. వాసన కణాలు ఎప్పటికప్పుడు కొత్తవి పుట్టే స్వభావం కలవి. గాలిని అక్కడికి చేర్చగలిగితే చాలు. నెదర్లాండ్స్ దేశంలో ఆమ్‌స్టర్‌డామ్ నగరపు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టర్ ఫ్రాన్స్ హిల్గర్స్ బృందం ఇందుకోసం ఒక తేలిక వ్యాయామాన్ని రూపొందించి 2000 సంవత్సరంలో ప్రచురించింది. దాని పేరు "మర్యాద ఆవులింత". పెద్దల ముందు ఆవులింత వస్తే పెదవులు తెరవకుండా లోపలే ఆవులిస్తాం కదా, అదే ఇది. వాసన పూర్తిగా పోయినవారిలో దాదాపు సగం మందికి ఈ శిక్షణతో వాసన తిరిగి తెలిసింది. ఇందుకు మందు లేదు, మిషను లేదు.

చేసే విధానం ఇలా ఉంటుంది. పెదవులు మూసి ఉంచాలి. కింది దవడను, నాలుకను, నాలుక కింది భాగాన్ని ఒక్కసారిగా కిందికి దించాలి. నోటిలో చోటు పెరుగుతుంది. ఆ చోటు నింపడానికి బయటి గాలి ముక్కులోనుండి లోపలికి వస్తుంది. మళ్ళీ పైకి తెచ్చి మళ్ళీ దించాలి. ఇలా చకచకా కొన్నిసార్లు చేయాలి. ఊపిరికీ దీనికీ సంబంధం లేదు. మెడలో ఊపిరి తన మానాన తాను ఆడుతుంటుంది. ముక్కుపుటం దగ్గర సన్నని దూదిపోగు పట్టుకుంటే, సరిగా చేసినప్పుడు అది లోపలివైపు కదులుతుంది. పోగును గట్టిగా పట్టుకోవాలి, మెడ రంధ్రం దగ్గరకు తేకూడదు. ముందు పోగు కదలడం నేర్చుకుని, తరువాత కాఫీ పొడి, నిమ్మతొక్క, యాలకులు వంటి వాటితో అభ్యాసం చేయాలి. గొంతు కుట్లు పూర్తిగా మానిన తరువాత, డాక్టరు అనుమతి ఇచ్చాకే మొదలుపెట్టాలి.

ఇది అందరికీ ఫలిస్తుందని మేము చెప్పడం లేదు. రేడియేషన్ వల్ల దవడ బిగిసినవారికి, వయసువల్ల వాసన ముందే తగ్గినవారికి కష్టం కావచ్చు. పైగా ఈ వ్యాయామంతో వచ్చే గాలి ఊపిరితిత్తులకు చేరదు కనుక, మెడకు తడిగుడ్డ మానడానికి వీల్లేదు. కానీ ప్రయత్నించకుండానే "అంతే, ఇక రాదు" అని చెప్పే హక్కు మనకు లేదు.

మేము చేయవలసింది

"ముందు ప్రాణం దక్కనీ, వాసన సంగతి తరువాత" అని మా వృత్తిలోనివారే అంటుంటారు. ఒక వార్డులో ముప్పై మంది రోగులు, ఇద్దరు నర్సులు ఉన్న రాత్రి డ్యూటీలో ఆ మాట ఎందుకు వస్తుందో మాకు తెలుసు. మేమూ ఆ డ్యూటీలు చేసినవారమే. కానీ ఆ "తరువాత" ఎప్పుడు వస్తుంది? రోగి ఇంటికి వెళ్ళిపోతాడు. రివ్యూకు వచ్చినప్పుడు డాక్టరు మెడ చూస్తారు, గడ్డలు చూస్తారు, పంపేస్తారు. రోగికి నోటిమాట లేదు, అడగలేడు. అడగలేనివారి అవసరాన్ని కనిపెట్టడమే నర్సింగ్ అని మా ట్రైనింగులో నేర్పారు. ఆ పాఠాన్ని ఈ విషయంలో మేము పాటించలేదు.

అందుకే ఇకమీదట మా వార్డునుండి ఇలాంటి రోగిని పంపేముందు అరగంట ముక్కుకు కేటాయించాలని కోరుతున్నాం. ఏం పోయింది, ఏం మిగిలింది అన్నది బొమ్మ గీసి చెప్పాలి. తుమ్ము వచ్చినప్పుడు మెడకు గుడ్డ పెట్టడం చేయించి చూడాలి. ముక్కు ఎందుకు కారుతుందో ఇంటివారి ముందే చెప్పాలి. మాట కోసం చిన్న వాల్వు, అంటే ప్రోస్తసిస్, పెట్టించుకున్నవారు రంధ్రాన్ని వేలితో మూసి, నోరు మూసి, గాలిని పైకి పంపి ముక్కు శుభ్రం చేసుకునే వీలుంది. అది వారికి నేర్పాలి. మూడో నెల రివ్యూలో ఆవులింత వ్యాయామం మొదలుపెట్టించాలి. ఇందుకు కొత్త గది అక్కర్లేదు, కొత్త పరికరం అక్కర్లేదు. ఒక సిస్టరు, ఒక దూదిపోగు, కొంచెం ఓపిక చాలు.

అత్యవసరంలో పనిచేసే సిబ్బందికి కూడా ఒక మాట. ఇలాంటి రోగి ఆయాసంతో వస్తే, కంగారులో ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టవద్దు. ముక్కులో పోసిన ఆక్సిజన్ ఊపిరితిత్తులకు చేరదు. మెడ దగ్గరే ఇవ్వాలి. ఊపిరి ఊదవలసి వచ్చినా మెడలోకే. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ ముక్కు సంగతి అందరికీ గుర్తుచేయవలసి వచ్చింది. గాలి ఆడకపోయినా ముక్కు పొర బ్రతికే ఉంది కనుక వైరస్ అక్కడ కూడా చేరవచ్చు. అందుకే మెడను, ముక్కును రెండింటినీ కప్పుకోవాలని, పరీక్షకు రెండుచోట్లనుండీ నమూనా తీయాలని నిపుణులు సూచించారు.

ఇంటివారు, సంఘం చేయవలసింది

ఇంటివారికి మా మనవి. రోగి జేబులో ఎప్పుడూ రెండు రుమాళ్ళు ఉంచండి, ఒకటి మెడకు, ఒకటి ముక్కుకు. కలపవద్దు, రోజూ ఉతికి ఎండలో ఆరేయండి. ముక్కు కారినప్పుడు పదిమందిలో పేరుపెట్టి చెప్పకుండా, మీరే మీ ముక్కు తాకి సైగ చేయండి, ఆయనకు అర్థమవుతుంది. వంటగదిలో ఆయనను ఒంటరిగా వదిలినప్పుడు రెగ్యులేటరు కట్టేయండి. వీలైతే గ్యాసు లీకును పసిగట్టి మోగే అలారం పెట్టించండి. కూర పాచిపోయిందో లేదో మీరు చూసి పెట్టండి. మిరపకాయలు వేయించేటప్పుడు ఆయనను అవతలి గదికి పంపండి. వాసన తెలియకపోయినా, ఆ ఘాటు నేరుగా శ్వాసనాళంలో తగిలి ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. ఇంట్లో బీడీ, చుట్ట, సిగరెట్టు కాల్చేవారు ఇక ఆ పని మానాలి. స్వరపేటిక క్యాన్సరుకు అతి పెద్ద కారణం పొగాకే. ఆ పొగను వడగట్టడానికి ఇప్పుడు ఆయనకు ముక్కు కూడా లేదు.

సంఘానికి మా మనవి ఇంకా చిన్నది. మెడకు గుడ్డ కట్టుకున్న మనిషి పక్కన కూర్చోవడానికి వెనుకాడవద్దు. క్యాన్సరు అంటుకునేది కాదు. కారే ముక్కు కూడా పాపానికి గుర్తు కాదు. గాలి లేక ఆరని తడి, అంతే. పసిపిల్ల ముక్కు కారితే కొంగుతో తుడుస్తాం. పెద్దాయన ముక్కు కారితే ముఖం తిప్పుకుంటాం. ఆ తేడా ఎందుకు?

మాస్టారు గారికి ఇవన్నీ బొమ్మ గీసి చెప్పాం. ఆయన ఆ బొమ్మను చాలాసేపు చూశారు. ఆ పూటే దూదిపోగు పట్టుకుని ప్రయత్నించారు. మొదట్లో కదలలేదు. భార్య నవ్వితే ఆయనకూ నవ్వు వచ్చింది, చప్పుడు లేని నవ్వు. నెల తరువాత మళ్ళీ వచ్చినప్పుడు, కళ్ళు మూయించి కాఫీ పొడి, నిమ్మతొక్క ముందు పెట్టాం. కాఫీ పొడిని గుర్తుపట్టారు. నిమ్మతొక్కను గుర్తుపట్టలేదు. నోటుపుస్తకంలో "సగం మార్కులు" అని రాసి చూపించారు. ఆరాధనకు వెళుతున్నారా అని అడిగితే, జేబులోనుండి రెండు రుమాళ్ళు తీసి చూపించారు.

ఆయన ముక్కు అప్పుడూ చావలేదు, ఇప్పుడూ చావలేదు. దాని గురించి చెప్పవలసినవారం మేము ఆలస్యం చేశాం. మరొకరి విషయంలో ఆ ఆలస్యం జరగకూడదని ఈ నాలుగు మాటలు రాశాం. మీ ఇంట్లోగాని, మీ సంఘంలోగాని ఇలాంటి ఆపరేషన్ జరిగినవారు ఉంటే, ఈ పేజీని వారికి చదివి వినిపించండి. తరువాతి రివ్యూకు వారిని తీసుకువచ్చినప్పుడు, "సిస్టరుగారూ, ముక్కు గురించి కూడా చెప్పండి" అని మమ్మల్ని అడగండి. మేము మరచిపోతే గుర్తుచేయండి.

ప్రభువు మీ అందరికీ ఆరోగ్యమును, సమాధానమును దయచేయును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరపున